నిన్నటి అన్నం, కడగని క్యాప్సికం

మీరు నెరేదాని కలిసి తీరాలి. కోన్‌స్టాంసా కొండల్లో ఆమె ప్లాస్టిక్ పందిరి కింద అడుగుపెడితే చాలు, ఒక ఎర్ర క్యాప్సికం తెంపి, పావడాకి రుద్ది, సగం తను కొరికి సగం మీ చేతిలో పెడుతుంది. కాయ మీద మందు తాలూకు తెల్లటి పొడి కనిపిస్తున్నా సరే.

"కడగక్కర్లా, తిను! విషం కాదది, బాక్టీరియా. పురుగుల పని పడుతుంది, మన జోలికి రాదు."

తోటకి విషపు పురుగుమందులు కొట్టీ కొట్టీ మొగుడు బొలీవర్ ఊపిరాడక చనిపోయాక, ఆ డబ్బాలన్నీ పారేసి ఈ మందుకి మారింది.

అత్తగారు క్రుసితకి కిడ్నీ మార్చారు. రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది, పచ్చివేవైనా బాగా కడిగి పెట్టమని డాక్టరు చెప్పాడు. "విషం లేని కాయకి స్నానమెందుకే, పెళ్ళి చూపులా?" అని నవ్వేది ముసలామె. నెరేదా కూడా నవ్వేసి అలాగే ముక్కలు కోసిచ్చేది.

ఓ ఆదివారం ఆడబిడ్డ మిల్కేయా, రాత్రంతా పొయ్యి మీదే ఉండిపోయిన అన్నం వెచ్చబెట్టి, రాజ్మా పులుసు పోసి తల్లికి పెట్టింది. పక్కన నెరేదా కోసిన ముక్కలు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే ముసలామె పోయింది.

"ఆవిడ కడుపులో దొరికిన క్రిమి నిలవ అన్నంలోనూ పెరుగుతుంది. మీ మందులోది దానికి తోబుట్టువు లాంటిది. మా పరీక్షకి రెండూ ఒకేలా కనిపిస్తాయి," అన్నాడు డాక్టరు నెరేదాతో. "ఈ నమూనా సీసా రాజధానికి పంపిస్తే రెండిట్లో ఏదో తేలుతుంది. ఇంటికి పెద్దవారు మీరు. పంపమంటారా?"

ఇంట్లో ముసలామె ఆత్మశాంతికి తొమ్మిది రోజుల ప్రార్థనలు నడుస్తున్నాయి. వంటింట్లో మిల్కేయా నెరేదా చెయ్యి పట్టుకుంది.

"వదినా, పంపొద్దు. అన్నమే అని తేలితే నేను బతకలేను."

"నా కాయే అని తేలితేనో?"

"నువ్వు గట్టిదానివి కదా."

 వాకిట్లో ఎవరో అంటున్నారు: "ఆ తెల్ల పొడే మింగేసింది పాపం! మా ఆయన రేపట్నుంచి పాత మందే కొడతానంటున్నాడు."

ఆ పాత మందే బొలీవర్‌ని తీసుకుపోయింది. నెరేదా కాఫీ పళ్ళెం పట్టుకుని బయటికి వచ్చింది. 

"నేనే. మందుది కాదు తప్పు. డాక్టరు చెప్పినా కడగకుండా పెట్టాను," అంది.

అందరూ తలలు దించుకున్నారు. మిల్కేయా వెనక నుంచి వచ్చి వదినని కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అన్నం మాట మాత్రం ఎత్తలేదు.

డాక్టరు దగ్గర ఆ సీసా ఇంకా ఉంది. పంపమని నెరేదా ఇప్పటికీ చెప్పలేదు, వద్దనీ అనలేదు. మీరైతే ఏం చేసేవారు?