ఇరవై లాగుళ్లకో పదును

ఇస్సాకు గురించి ముందుగా తెలియవలసింది ఒక్కటే. రంపాన్ని ఇరవై సార్లు లాగాక ఇరవై ఒకటోసారి లాగడు. తలపాగాలోంచి ఆకురాయి తీసి, నీడన చతికిలబడి, ఒక్కొక్క పన్నునే రుద్దుతూ కూర్చుంటాడు. కోసేది తుమ్మ చేవైనా, అరటి బోదైనా సరే, లెక్క ఇరవయ్యే.

ఆ రోజుల్లో నేను బాపిరాజుగారి గుమస్తాని. ఆకివీడు దిగువన, కొల్లేటి అంచున ఆయనకు నాలుగెకరాల తుమ్మడవి ఉండేది. పంతొమ్మిదివందల ముప్ఫైనాలుగులో దాన్ని నరికించి వరి వేయాలని ఆయనకు బుద్ధి పుట్టింది. కాలవకు నీళ్లు వదిలేలోగా చెట్లన్నీ పడాలి. ఇద్దరు లాగే రంపం కావాలి. ఈ కొసన ఇస్సాకు, ఆ కొసన వీరాస్వామి. పాతికేళ్లుగా వాళ్లిద్దరిదీ ఒకటే రంపం.

కొత్త రంపం కొనడానికి ఇస్సాకుని ఏలూరు తీసుకువెళ్లాను. నా బుద్ధి గడ్డి తిని వెళ్లాను. దుకాణదారు చలపతిరావుగారు ఆరు రంపాలు పరిచారు.

"ఇది సీమ సరుకు. ఏనుగు లాగినా చెక్కు చెదరదు."

"మాకు ఏనుగు లేదండి," అన్నాడు ఇస్సాకు.

ప్రతి రంపాన్నీ గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. విల్లులా వంచి వదిలాడు. తర్వాత ఒక దుంగ తెప్పించి, "ఏవండీ, ఆ కొస మీరు పట్టుకోండి. రెండు వేళ్లతోనే," అన్నాడు.

"రెండు వేళ్లతో రంపం లాగేదెవరయ్యా?"

"మీరేనండి. చిటికెనవేలూ, ఉంగరపువేలూ. బలం పెట్టకండి."

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పాపం చలపతిరావుగారు రెండు వేళ్లతో ఆరు రంపాలూ లాగారు. చివరికి ఇస్సాకు అన్నిట్లోకీ పల్చటిదాన్ని, తేలికైనదాన్ని ఏరాడు.

"ఇది తుమ్మ చేవకు ఆగుతుందా?" అన్నాను.

"రంపం ఆగుద్దండి. మనిషి ఆగాలి గానీ."

ఒళ్లు వంచడం ఇష్టం లేనివాడి మాట అనుకున్నాను.

పని మొదలైంది. ఇరవై లాగుళ్లు, ఆకురాయి. ఇరవై లాగుళ్లు, ఆకురాయి. వీరాస్వామి ఎదురుగా కూర్చుని రాలిన సీమచింతకాయలు ఏరుకు తినేవాడు. పదిహేను రోజులకు అడవి సగం కూడా పల్చబడలేదు. ఒకనాడు బాపిరాజుగారు గుర్రబ్బండి దిగారు.

"ఏమయ్యా గుమస్తా, రంపం కోయడానికి కొన్నావా, రుద్దడానికి కొన్నావా? ఆ వీరాస్వామి చూడు, ఎండుపుల్లలా ఉన్నాడు. వాడివల్లే ఆలస్యమైతే సోమవారం నుంచి వేరే మనిషిని పెట్టు."

వీరాస్వామి మొహం పాలిపోయింది. అతనికి రెండు నెలలు చలిజ్వరం వచ్చి తగ్గింది. ఇంట్లో భార్య పాపమ్మా, ముగ్గురు పిల్లలూ అతని కూలిమీదే బతకాలి.

ఇస్సాకు లేచి నిలబడి, "తప్పు రంపానిదండి, రాజుగారూ. మెత్తటి ఇనుము. ఏరింది నేనే," అన్నాడు. రాజుగారు అతన్ని నాలుగు తిట్టి వెళ్లిపోయారు.

మర్నాడు వీరాస్వామికి మళ్లీ జ్వరం. నాకు ఒళ్లు మండి, చొక్కా విప్పి, "ఇవాళ ఆ కొస నేను పడతాను. చూద్దాం, ఎందుకు మొద్దుబారుతుందో!" అన్నాను.

ఇస్సాకు నా అరచేతులు చూశాడు.

"నొక్కకండి, తొయ్యకండి. మీ వంతు లాగండి, నా వంతు వదిలెయ్యండి."

ఇరవై అయ్యాయి. ఆగలేదు. యాభై అయ్యాయి. వంద.

"ఇస్సాకూ, పదును... తగ్గలేదూ?"

"లేదండి. వెన్నలో దిగినట్టు దిగుతోంది."

"ఒక్కసారి చూడవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

"చూశానండి. భేషుగ్గా ఉంది."

మధ్యాహ్నానికి నాలుగు మానులు పడ్డాయి. ఐదో మానునై నేనూ పడ్డాను. ఇస్సాకు తలపాగా విప్పి నాకు విసురుతుంటే అందులోంచి ఆకురాయి జారి నా పక్కన పడింది. తీసి చూద్దును గదా, దానికి గరుకే లేదు. నీటిలో నానిన గులకరాయిలా నున్నగా ఉంది.

"ఇదేమిటయ్యా? దీంతో వెన్నకు కూడా పదును పెట్టలేవు!"

"అరిగిపోయి ఏడాదైందండి. అసలుది ఇంటి దగ్గరుంది. తెల్లారగట్లే పదును పెట్టుకొస్తాను."

"మరి ఇదెందుకు?"

చుట్టుపక్కల ఎవరూ లేకపోయినా ఇస్సాకు గొంతు తగ్గించాడు.

"వీరాస్వామికి ఇరవై దాటితే ఆయాసమండి. ఆగుదాంరా అంటే ఆగడు, రోషం. రంపం మొద్దుబారిందంటే మాత్రం కూర్చుంటాడు. వాడికి చెప్పకండి, బాబూ."

చలపతిరావుగారి రెండు వేళ్లు గుర్తొచ్చాయి. నాకు సిగ్గేసింది.

ఆదివారం రాజుగారి దగ్గరికి వెళ్లి చాలా గంభీరంగా మనవి చేసుకున్నాను. "అది సీమ రంపమండి. ఇరవై లాగుళ్లకోసారి పదును పెట్టకపోతే పళ్లు ఊడిపోతాయట."

"ఆ సంగతి ముందే చెప్పొద్దూ!" అన్నారాయన. తర్వాత కైకలూరు దాకా కనపడిన ప్రతి రైతుకీ ఆ శాస్త్రం బోధించారు.

గడువు మాత్రం గడువే. అందుకని రోజూ మధ్యాహ్నం నుంచి, పనితనం పరీక్షించే మిషతో, వీరాస్వామి కొస నేను పట్టేవాణ్ణి. అతను కొమ్మలు కొట్టేవాడు. నాకోసం మాత్రం ఇస్సాకు ఒక్కనాడూ ఆకురాయి తీసిన పాపాన పోలేదు. అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోయేవాణ్ణి.

కాలవలోకి నీళ్లు వచ్చిన రోజు ఒక్క మానే మిగిలింది. లాగుళ్లు లెక్కపెడుతున్నాను. ఇరవై కాగానే రంపం ఆగింది. చూస్తే నా వైపు పిడికి నెత్తురంటింది. ఇస్సాకు చతికిలబడి, ఆ నున్నటి ఆకురాయి తీసి, ఒక్కొక్క పన్నునే రుద్దడం మొదలుపెట్టాడు.

"ఏం ఇస్సాకూ, మొద్దుబారిందా?"

"ఆయ్, బాగా మొద్దుబారిందండి. శానా సేపు పడుద్ది. మీరలా నీడన కూర్చోండి."

వెళ్లి వీరాస్వామి పక్కన కూర్చున్నాను.

"ఈ రంపం వట్టి పనికిమాలిందండి, గుమస్తాగారూ," అన్నాడు వీరాస్వామి, నాకు సగం సీమచింతకాయలు పెడుతూ.