మాత్రకీ కాఫీకీ మధ్య మా అక్క

మా అక్క పోయింది. ఐసీయూలో చేర్చిన మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. "గుండె తట్టుకోలేకపోయిందండీ" అన్నారు డాక్టరుగారు. ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీ స్పేర్ పార్టులు అమ్ముతూ అందరి మీదా కేకలేసిన నేను, ఆ పూట "సరేనండీ" అని ఫోన్ పెట్టేశాను.

నా భార్య పోయాక నాకు తోడుగా వచ్చి ఉన్న మనిషి. రోళ్లు పగిలే ఎండల్లో శాలువా కప్పుకుని ఫ్యాను కట్టెయ్యమనేది.

"బెజవాడలో, మే నెలలో చలేంటక్కా? ఎవరన్నా వింటే నవ్వుతారు!"

"నవ్వనీరా. ఉక్కపోస్తే నువ్వెళ్లి వరండాలో కూర్చో."

తర్వాత మొహం ఉబ్బింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వయసు మీద పడిందనుకున్నాం.

బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి అసలు సంగతి చెప్పారు. థైరాయిడ్ మందగిస్తే గుండె కూడా మందగిస్తుందట. నాడి నెమ్మదిస్తుంది, రక్తంలో కొవ్వు పెరుగుతుంది, ముదిరితే గుండె చుట్టూ నీరు చేరుతుంది.

"ఇంజను ఐడిలింగ్ పడిపోయిందన్నమాట" అన్నాను.

అక్క ఊరుకుంటుందా! "ఒరేయ్, నా గుండెని కూడా నీ లారీల్లో కలిపేశావా?"

మాత్ర రాసిచ్చారు. నెలలు గడిచినా గుణం లేదు. డోసు పెంచారు, అయినా అంతే. చివరికి డాక్టరుగారు "అమ్మా, మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగారు.

అక్క గర్వంగా చెప్పింది. "స్నానం చేసి, దీపం పెట్టి, దేవుడికి పాలు నైవేద్యం పెడతానండీ. ఆ పాలతోనే వేసుకుంటాను. మందు కూడా ప్రసాదమవుతుంది కదా!"

ఆయన తల పట్టుకున్నారు. పాలతో వేసుకుంటే ఆ మాత్ర ఒంటికి సరిగా పట్టదట. పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి, అరగంట దాకా కాఫీ కూడా ముట్టకూడదు.

దీపం మానలేదు, పాలు మానింది. కాఫీకి మాత్రం ప్రాణం లాగేసేది. ఆ అరగంటా వంటింటి వైపు చూడకుండా నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. "ఏదో ఒకటి మాట్లాడరా, లేకపోతే వెళ్లి కాఫీ కలిపేసుకుంటా." కూరగాయల ధరలు, పక్కింటివాళ్ల కుక్క, మా అమ్మ చేతి పులుసు, ఏదో ఒకటి చెప్పేవాణ్ని. ఎక్కువగా తిట్లే తినేవాణ్ని. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తం మీద నేను మనిషిలా బతికింది ఆ కాసేపే.

ఆయాసం తగ్గింది, మొహం తేటపడింది. కానీ గుండె అప్పటికే బాగా అలిసిపోయిందని డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. నేను అక్కకి చెప్పలేదు, అయినా ఆవిడకి తెలుసు. "ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఈ అరగంట నీదేరా" అంది ఒకసారి, మామూలుగా.

పెద్దకర్మ భోజనాలు చేసి అందరూ వెళ్లిపోయారు. మాట్లాడరా అనే మనిషి లేకపోతే మాటలెక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదండీ. ఇవాళ పొద్దున లేచి కాఫీ కలుపుకున్నాను. నేను మింగాల్సిన మాత్ర లేదు, ఆగాల్సిన పనీ లేదు. అయినా గ్లాసు పక్కన పెట్టుకుని, ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చున్నాను. ఎంతసేపైందో తెలియదు, కాఫీ మీద తొరక కట్టింది.