ట్రేసింగు మీద పడని రెండక్షరాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. ఎమర్జెన్సీ లైటున్న ఇంటికి దయ్యం రాదేమండీ అని ఎంతమందిని ఎగతాళి చేశానో లెక్కలేదు. ఇప్పటికీ నమ్మను. నమ్మకుండానే ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, మీకు తోచింది మీరు అనుకోండి. నన్ను ఓదార్చే పని మాత్రం పెట్టుకోకండి.

అప్పట్లో అమలాపురంలో నాకు చిన్న డీటీపీ సెంటరు ఉండేది. పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు కంప్యూటర్ మీద కంపోజు చేసేదాన్ని. పల్చటి ట్రేసింగు కాగితం మీద ప్రింటు తీసి ఇస్తే, దాన్ని ప్రెస్సుకి పట్టుకెళ్లి కార్డులు అచ్చు వేయించుకునేవారు. నా కంప్యూటర్ తొంభై తొమ్మిదిలో రాజమండ్రిలో అసెంబుల్ చేయించింది. అందులో మెమరీ ముప్పై రెండు ఎంబీ. కొన్నప్పుడు అదే గొప్ప. రెండువేల మూడు వచ్చేసరికి కార్డు మీద వినాయకుడి బొమ్మ పెడితే చాలు, బిగుసుకుపోయేది. ఎదురుగా కూర్చున్న పెళ్లివారు నన్ను చూసేవారు, నేను దాన్ని చూసేదాన్ని. కొత్తది కొనే స్తోమత లేదు. మెమరీ పెంచే ఇంకో ర్యామ్ ముక్క దొరికితే రెండేళ్లు లాగించవచ్చని నా ఆశ.

ఆ ముక్క కోసం తిరగని చోటు లేదు. అమలాపురం షాపుల్లో ఆ రకం ఇప్పుడు రావడం లేదన్నారు. కొత్త రకం చవకే, కానీ దాని గాటు ఒకచోట, నా బోర్డు గాటు ఇంకోచోట. కాకినాడలో ఒకడు పాత రకానికి కొత్తదానికంటే రెట్టింపు చెప్పాడు. రాజమండ్రిలో ఇంకొకడు చెడిపోయిన ముక్కని రబ్బరుతో రుద్ది మెరిపించి అంటగట్టాడు. ఇంటికొచ్చి పెడితే పలకలేదు. తిరిగి వెళితే, "మీరు పెట్టడంలో కాల్చేసుంటారండి," అన్నాడు. వాడి కౌంటరు మీదే ఆ ముక్కని విరిచి పడేసి వచ్చాను. తాటిపాకలో ఒక ఆఫీసువాళ్లు పాత కంప్యూటర్లు అమ్మేస్తున్నారంటే బస్సెక్కి వెళ్లాను. కొంటే లాటంతా కొనాలన్నారు.

ఈ సంగతి ఆనోటా ఈనోటా పాకి అంబాజీపేట అబ్బులు గారికి చేరింది. ఆయన కొబ్బరి వ్యాపారి, కరపత్రాలకి నా దగ్గరికే వచ్చేవారు. తమ్ముడు సూరిబాబు డీటీపీ పెడదామని కంప్యూటర్ కొనుక్కుని, అది సాగక మస్కట్ వెళ్లాడట. మొదటి ఏడాది ఉత్తరాలొచ్చాయి. తర్వాత రెండేళ్లుగా కబురు లేదు.

"మా తమ్ముడి కంప్యూటర్ ఇంట్లో ఊరికే పడుందండి," అన్నారు అబ్బులు గారు. "మీక్కావలసింది తీసుకోండి. మూడొందలిప్పించండి, సరిపోద్ది."

తమ్ముడి బిల్లు చూపించారు, నా రకమే. మూడొందలకి అరవై నాలుగు ఎంబీ. నేను రెండోమాట అడగలేదు. అడగాలని తోచింది, అడగలేదు. ఆ తేడా రాసుకోవాలి.

మర్నాడు మధ్యాహ్నం అంబాజీపేట వెళ్లాను. సూరిబాబు భార్య నాగమణి గారు పుట్టింటికి కాట్రేనికోన వెళ్లారని అబ్బులు గారే చెప్పి, గది తాళం తీశారు. కంప్యూటర్ మీద ఇస్త్రీ చేసిన గుడ్డ కప్పి ఉంది. డబ్బా నుదుటిన ఇంకా ఆరని కుంకుమ బొట్టు, మీద ఒక మందారం.

"మా మరదలు ప్రతీ శుక్రవారం పూజ చేసి, కాసేపు ఆన్ చేసి ఆపేస్తాదండి. వాడుత్తరంలో రాసేడట, వారానికోసారి ఆన్ చెయ్యకపోతే ఈ తేమకి పాడైపోద్దని."

ఆ మాట విన్నాక కూడా నేను స్క్రూలు విప్పాను. నా చేత్తోనే ముక్కని లాగి పర్సులో వేసుకున్నాను. గుడ్డ మళ్లీ కప్పి, మందారాన్ని ఎక్కడ ఉందో అక్కడే పెట్టాను. దొంగతనం చేసే చేతికి అంత శుభ్రత ఎందుకో.

షాపుకొచ్చి పెట్టగానే ఒక్కసారికే తీసుకుంది. కంప్యూటర్ లేచేటప్పుడు తెర మీద మెమరీని లెక్కపెడుతుంది. అంతకుముందు 32768 దగ్గర ఆగేది, ఇప్పుడు 98304 దాకా పరిగెత్తింది. ఆ రోజు మా వీధంతా మిఠాయి పంచుదామన్నంత సంతోషం.

పది రోజులకి నాగమణి గారు షాపుకి వచ్చారు. సన్నగా, ముప్పై దాటని మనిషి. ఊళ్లో కంప్యూటర్ తెలిసినదాన్ని నేనేనని ఎవరో చెప్పారట.

"ఆన్ చేస్తే కూత పెడతందండి. తెర మీద ఏం రావట్లేదండి. శుక్రవారం శుక్రవారం పెట్టేనండి, ఒక్క వారం మానలేదండి."

ఆగి ఆగి కూత పెడితే మెమరీ లేదని అర్థం. అది నాకు తెలుసు. ఆవిడ మొగుడి ర్యామ్ ఆవిడకి రెండడుగుల దూరంలో నా బల్ల మీద పనిచేస్తోంది.

"తేమకి బోర్డు పోయి ఉంటుందండి. ఇక లాభం లేదు," అన్నాను.

"ఆయ్," అని వెళ్లిపోయారు. నా మీద నాకు అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని కూడా ఆవిడ మీదే చూపించాను. ఇంత చిన్న విషయానికి అంబాజీపేట నుంచి రావాలా అని పక్క షాపావిడతో విసుక్కున్నాను.

మూడు నెలలు కంప్యూటర్ గుర్రంలా పరిగెత్తింది. అప్పుడు అబ్బులు గారి అమ్మాయికి పెళ్లి కుదిరింది. కార్డుకి మేటరు రాసిన కాగితం తెచ్చారు. కార్డుల మీద పోయినవాళ్ల పేరు ముందు కీర్తిశేషులని చెప్పడానికి 'కీ.శే.' వేస్తాం కదా. ఆ కాగితంలో అది మూడుచోట్ల ఉంది. పెళ్లికూతురి తాతగారికి, నాయనమ్మగారికి, పినతండ్రి సూరిబాబుకి.

"సూరిబాబు గారు పోయేరని తెలిసిందాండీ?" అని అడిగాను.

"ఉంటే రెండేళ్లు కబురెట్టడాండి?" అన్నారాయన. "తోట అమ్మకానికి బేరం పెట్టేనండి. వాడి వాటా వాడి వాటా అని మా మరదలు అడ్డం పడతంది. కార్డు ఊరంతా చదువుద్ది కదండీ. ఒకసారి అచ్చులో పడితే ఇంక నోరెత్తదు."

అంత పచ్చిగా చెప్పారు. నేను విన్నాను, కొట్టాను. కాగితంలో ఏముంటే అది కొట్టడం నా పని అనుకున్నాను.

మొదటి ట్రేసింగు తీశాను. తాతగారి ముందు కీ.శే. ఉంది. నాయనమ్మగారి ముందు ఉంది. సూరిబాబు ముందు లేదు. రెండక్షరాలు పట్టేంత ఖాళీ మాత్రం ఉంది. తెర మీద చూస్తే ఆ రెండక్షరాలూ నిక్షేపంగా కనిపిస్తున్నాయి.

మళ్లీ తీశాను, ఖాళీయే. చెరిపి కొట్టాను, ఫాంటు మార్చాను, పేరుని పై వరుసలోకి జరిపాను. ఖాళీ కూడా పేరుతోపాటు పైకి జరిగింది. అబ్బులు గారు పక్కనే కూర్చుని, మీకు పని రాకపోతే చెప్పండి, వేరేచోటికి పోతాను అంటూ నస పెడుతున్నారు. నాకు తిక్కరేగింది. కీ.శే. తీసుకెళ్లి ఆయన పేరు ముందే పెట్టి ప్రింటు కొట్టాను. నల్లగా, స్పష్టంగా, 'కీ.శే. అబ్బులు' అని వచ్చింది. ఆయన మొహం మాడిపోయింది. కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశారు.

అందులోంచే ఆ రెండక్షరాల ముక్కని బ్లేడుతో కత్తిరించి, జిగురుతో సూరిబాబు పేరు ముందు అతికించి ప్రెస్సుకి పంపాను. సాయంత్రానికి ప్రెస్సు నుంచి కబురు. అతికించిన ముక్క ఊడిపోయిందట, ఎక్కడ పడిందో దొరకలేదట. జిగురు ఊడడంలో వింత లేదని ఇప్పుడూ అంటాను.

మర్నాడు పొద్దున అబ్బులు గారు వచ్చి కూర్చున్న కాసేపటికి నాగమణి గారు గుమ్మంలో నిలబడ్డారు. ప్రెస్సులో ఎవరో చెప్పారట.

"ఆ రెండక్షరాలు వెయ్యకండమ్మగారు. ఆయన పోవడం ఎవరు చూసేరండి? ఎవరు చెప్పేరండి?"

"నీకు చెప్పి వెయ్యాలా? నా కూతురి పెళ్లి, నా కార్డు," అన్నారు అబ్బులు గారు, కుర్చీలోంచి లేవకుండా.

"మీ కార్డే బావగారు. పేరు ఆయనది కదండీ. పేరు తీసేయండి పోనీ. చంపకండి."

ఆవిడ గొంతు పెంచలేదు. నాకు అదే కోపం తెప్పించింది. అరిస్తే తిరిగి అరిచి పంపేసేదాన్ని. "మీ ఇంటి గొడవలు మీ ఇంట్లో చూసుకోండి. మీరు వద్దంటే ఆపడానికి కార్డు ఇస్తున్నది మీరు కాదండి," అన్నాను. ఆవిడ నన్ను కాదు, బల్ల మీద కంప్యూటర్‌ని చూశారు. తర్వాత చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

అప్పుడు నాకు తోచింది. మెమరీ చెడితే ప్రింటులో అక్షరాలు ఎగిరిపోవడం మామూలే. రాజమండ్రివాడు ఒకడేనా మోసగాడు, అబ్బులు గారూ పుచ్చుముక్కే అంటగట్టారనుకున్నాను. కంప్యూటర్ ఆపి, డబ్బా తెరిచి, ముక్కని లాగేశాను. అది కొంచెం వేడిగా ఉంది, ఉంటుంది కూడా. మళ్లీ ఆన్ చేస్తే లెక్క 32768 దగ్గర ఆగింది. బిగుసుకుంటూ, మూలుగుతూ, పావుగంటకి ప్రింటు వచ్చింది.

మూడు కీ.శే.లూ ఉన్నాయి.

సూరిబాబు పేరు ముందు అందరికంటే నల్లగా ఉన్నట్టు నాకనిపించింది. అది నా అనిపించడమే, సాక్ష్యం కింద రాయడం లేదు. గెలిచినట్టు ట్రేసింగు ఎత్తి అబ్బులు గారికి చూపించాను. ఫైలు సేవ్ చేశాను. అప్పుడు పదకొండున్నర. సాయంత్రం వేరే పనులకి కంప్యూటర్ కదలకపోతే ముక్కని తిరిగి పెట్టాను. ఆ తర్వాత ఎన్ని కార్డులు కొట్టానో, ఎన్ని కీ.శే.లు వేశానో, ఒక్క అక్షరం ఎగరలేదు.

అంబాజీపేట అంతా కార్డు చదివింది. పెళ్లిలో నాగమణి గారికి ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదని, ఆవిడ వెనక వరుసలో కూర్చుని భోజనానికి లేవకుండానే వెళ్లిపోయారని విన్నాను.

కార్డు కొట్టిన ఐదు వారాలకి ఆవిడ మళ్లీ షాపుకి వచ్చారు. ఈసారి నుదుట బొట్టు లేదు. చేతిలో మస్కట్ నుంచి వచ్చిన కాగితం ఉంది. రాజోలు మనిషెవరో అక్కడ ఉంటే, ఆయన ద్వారా తెలిసిందట. సూరిబాబుని రెండున్నరేళ్ల కిందట రోడ్డు మీద ఏదో బండి గుద్దింది. జేబులో కాగితాలు లేవు. పేరు తెలియని రోగిగా తెలివిలేకుండా ఆస్పత్రిలోనే ఉన్నాడు. పోయిన తర్వాతే ఎవరో పోల్చుకున్నారు.

"పెద్దకర్మ కార్డు వెయ్యాలండి," అన్నారు. "ఇప్పుడు వెయ్యండమ్మగారు ఆ రెండక్షరాలు. ఇప్పుడు వెయ్యాలి కదండీ."

కొట్టాను. కంప్యూటర్లో ఆయన ముక్కే ఉంది, అదే ఫాంటు, అదే పేరు. కీ.శే. ఒక్కసారికే పడింది.

తర్వాత మరణించిన తేదీ కొట్టాలి. కాగితంలో అరబ్బీ కింద ఇంగ్లీషులో ఉంది. ఆ అంకెలు కొడుతుంటే ఆ తేదీ ఎక్కడో చూసినట్టు తోచింది. పెళ్లికార్డు ఫైలు తీసి దాని తేదీ చూశాను. అదే రోజు. నా కంప్యూటర్ గడియారం తప్పేమోనని ఆవిడ వెళ్లాక ప్రెస్సుకి పరిగెత్తి ట్రేసింగు కవరు మీద వాళ్లు వేసుకున్న తేదీ కూడా చూశాను. అదే రోజు. మస్కట్ కాగితంలో ఏ పూటో రాయలేదు. రాసి ఉన్నా చూసే ధైర్యం నాకు లేదు.

ఆవిడకి ఏమీ చెప్పలేదు. పెద్దకర్మ అయిన మరుసటి శుక్రవారం ముక్కని తీసుకుని అంబాజీపేట వెళ్లాను. మీ కంప్యూటర్ ఇంకోసారి చూస్తానండీ అని అబద్ధమే చెప్పి, గుడ్డ తీశాను. డబ్బా మీద పాత బొట్టు ఎండి రాలిపోయింది. ఆవిడ మంచినీళ్లకి లోపలికి వెళ్లినప్పుడు ముక్కని దాని చోట నొక్కి, ఆన్ చేశాను. కూత రాలేదు. తెర వెలిగింది, లెక్క పరిగెత్తింది, అంతా సవ్యంగా లేచింది.

ఆవిడ గ్లాసు పట్టుకుని వచ్చి తెరని చూశారు. సంతోషిస్తారనుకున్నాను. దగ్గరికొచ్చి, ప్రతి శుక్రవారం చేసే అలవాటుతోనే, ఆవిడే ఆపేశారు.

"ఇంకెందుకండి. ఆయనొచ్చేదాకా పాడవకూడదనే కదండీ పెట్టేది," అన్నారు. గ్లాసు నా చేతికిచ్చి, "దీంట్లో మీకు పనికొచ్చేదేదన్నా ఉంటే పట్టుకెళ్లండమ్మగారు," అన్నారు.

నేనేమీ తెచ్చుకోలేదు. పుచ్చు మెమరీ అక్షరాలు తినేస్తుంది, అది నాకు తెలుసు. ఒక్క పేరు ముందే ఎందుకు తినేసిందో, ఆ మనిషి పోయాక ఎందుకు మానేసిందో, నేను లాగిన రోజూ ఆయన పోయిన రోజూ ఒకటే ఎందుకయిందో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. ఆ చివరి మాట ఆవిడ తెలిసి అన్నారో తెలియక అన్నారో అదీ తేలలేదు. ఆవిడ ఇచ్చిన మంచినీళ్లు తాగకుండానే బస్సెక్కాను.