నల్లబట్టల పెట్టె

సూదత్త అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. చేతిలో ఎప్పుడూ సూది ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె నమ్మకం. నోటిని చూసి పెట్టారని వీధివాళ్ళ నమ్మకం. ఎవరి నమ్మకం వారిది. ఆమె చేసే పని మాత్రం రఫ్ఫు. బట్ట మేకుకు తగులుకుని చిరిగినా, ఎలుక కొట్టినా, నిప్పురవ్వ పడి చిల్లి పడినా సరే, నిలువు పోగులూ అడ్డం పోగులూ మళ్ళీ అల్లి, అక్కడ చిల్లి ఉండేదంటే బట్ట సొంతదారే నమ్మనంత నున్నగా పూడ్చేస్తుంది.

ఇంటి ముందుగదే కొట్టు. కిటికీ పక్కనున్న చేతుల కుర్చీ సూదత్తది. బల్బు కింద ముక్కాలిపీట కోడలిది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ అమ్మాయికి గుండీ కుట్టడం కూడా సరిగ్గా రాదు. ఇప్పుడు సగం పని తనదే. అయినా ఆమె ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని అల్లినా, సూదత్త కళ్ళు మూసుకుని బట్ట మీద చూపుడువేలు ఒక్కసారి నడిపి, “ఇదిగో, ఇక్కడ” అని ఠక్కున పట్టేసేది.

“కంటికి కనబడకపోతే సగం పనేనే. వేలికి కూడా తగలకూడదు. అప్పుడు అడుగు కుర్చీ.”

“నాకు మీ కుర్చీ ఎందుకత్తయ్యా, నా పీట నాకు బంగారం,” అని మూతి ముడుచుకుని కోడలు అల్లిందంతా విప్పేసేది. ఇద్దరికీ ఇది రోజూ ఉండే సరదానే.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. చలికాలం మొదలవగానే నల్లబట్టలన్నీ ఒక చెక్కపెట్టెలో వేసి మూత పెట్టేస్తారు. ఎందుకంటే మబ్బు వెలుతురులో, బల్బు కింద, నలుపూ ముదురు నీలమూ ముదురాకుపచ్చా ఒకేలా కనిపించి మోసం చేస్తాయి. మళ్ళీ ఆ పెట్టె తెరిచేది పెరట్లో మొదటి సీతాకోకచిలుక కనబడ్డ రోజునే. ఇది సూదత్తకు వాళ్ళ అత్తగారు నేర్పిన పద్ధతి. “వెలుగొచ్చిందని మనం ఊరికే అనుకుంటాం. సీతాకోకచిలుకకు ఆ తొందర ఉండదు,” అనేదట ఆ పెద్దావిడ. చిలుకను ముందు చూసినవాళ్ళు కుర్చీని వాకిట్లో వేసుకుని మొదటి నల్లబట్ట అందుకోవాలి. సూదత్త ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ముందు చూసింది ఎప్పుడూ ఆమే.

ఈ ఏడు ముసురు పట్టుకుంది. చలికాలం వెళ్ళిపోవాల్సిన రోజుల్లో వెళ్ళకుండా గుమ్మంలోనే తిష్ట వేసుకుని కూర్చుంది. పొద్దున సన్నజల్లు, మధ్యాహ్నం మబ్బు, సాయంత్రం మళ్ళీ జల్లు. ఆరేసిన బట్టలు ఆరవు. తలుపులు ఉబ్బిపోయి భుజంతో నెడితే గానీ తెరుచుకోవు. నల్లబట్టల పెట్టె మూత పడకుండా నిండిపోయింది.

సూదత్త భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. రోజూ పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి ఆకాశం వంక చూసి, “ఇవాళ తప్పకుండా ఎండ వస్తుంది,” అనేవాడు. ఆయన ఎండ అన్న రోజున గొడుగు లేకుండా ఎవరూ బయటికి వెళ్ళరు. అందుకే వీధిలో ఆయన్ని ‘వాతావరణం’ అంటారు. ఈ ముసుర్లో ఆయనకు చేతినిండా పని దొరికింది. గొడుగేసుకుని పెరడంతా సీతాకోకచిలుకల కోసం గాలించడం. చూరు కింద చూస్తాడు, కట్టెలమోపు సందుల్లో చూస్తాడు, పాత పూలకుండీలు ఎత్తి చూస్తాడు. ఒకరోజు గుప్పెట మూసుకుని పరుగున వచ్చి, “దొరికిందోయ్!” అన్నాడు. తెరిస్తే ఎండుటాకు.

“చలికి అవి రెక్కలు ముడుచుకుని అచ్చం ఇలాగే ఉంటాయి, నా తప్పేం లేదు,” అన్నాడాయన.

“ఆయన తప్పు ఏనాడూ లేదులే,” అంది సూదత్త.

నవ్వుతూ అంది కానీ ఆమె లోపల నవ్వు లేదు. కొన్నాళ్ళుగా దారాల రంగులు ఆమె కళ్ళముందు ఒకదాన్లోకి ఒకటి కలిసిపోతున్నాయి. కిటికీ చువ్వల చుట్టూ పొగ పట్టినట్టు ఉంటోంది. ముసురు వల్లేనని తనకు తాను చెప్పుకుంది. ఎవరైనా అడిగితే, “ఈ పాడు వెలుతురులో ఎవరికి కనిపిస్తుంది?” అని గద్దించింది. ముసురు ఉన్నంతకాలం ఆ మాటకు తిరుగులేదు. ఎండ వస్తే? అప్పుడు కూడా పొగే కనిపిస్తే? చిలుక ఎప్పుడొస్తుందా అని అందరికంటే ఎక్కువ ఎదురుచూసేదీ ఆమే, రాకపోతే బాగుండునని లోలోపల కోరుకునేదీ ఆమే. సూది లేకపోతే తనెవరు? ఆ కుర్చీలోంచి లేస్తే ఎక్కడ కూర్చోవాలి? ఈ ప్రశ్న ఆమెను అన్నం తిననివ్వడం లేదు.

ఇది చాలదన్నట్టు క్లారినెట్టు వాయించే ఆయన ఒకడు. టౌన్‌హాల్లో కచేరీలు చేసే బృందంలో ఉంటాడు. ఆయన నల్లకోటు మోచెయ్యి దగ్గర చిరిగి పెట్టెలో పడి ఉంది. రోజు విడిచి రోజు వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

“అమ్మా, మీ పురుగు ఇంకా రాలేదా?”

“పురుగు అన్నావంటే నీ కోటుకు ఎర్ర అతుకు వేసి పంపిస్తా.”

“వేసినా వేసుకుంటానమ్మా, నాకు ఇంకో కోటు లేదు. కచేరీ దగ్గరికొచ్చేసింది. చిరుగు కోటుతో మా మేస్టారు నన్ను వేదిక ఎక్కనివ్వరు.”

పెరటి చివర పక్కనున్న లాండ్రీవాళ్ళ ఇటుక గోడ ఉంది. అవతలివైపు వాళ్ళ బాయిలరు. అందుకని ఎంత చలిలోనైనా ఆ గోడ గోరువెచ్చగా ఉంటుంది. ఒక మధ్యాహ్నం మబ్బు కాస్త చిరిగి, గోడ మీద నాలుగు చారల ఎండ పడింది. పెరట్లో గిన్నెలు కడుగుతున్న కోడలు చెయ్యి ఆపేసింది. గోడ మీద ఇటుక ముక్క ఒకటి కదిలినట్టనిపించింది. పరకాయించి చూస్తే రెక్కలు. ఇటుక రంగు రెక్కలు బార్లా చాపుకుని, అంచులకు నల్లమచ్చలతో, చలికి సన్నగా వణుకుతూ ఎండ కాగుతోంది.

“అత్తయ్యా! మామయ్యా! వచ్చింది!”

వాతావరణం చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. సూదత్త ఇంటి గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి నిలబడింది. ఎదురుగా ఎర్రటి ఇటుక గోడ ఆమెకు అలికినట్టుగా కనిపిస్తోంది. అంతకు మించి ఏమీ లేదు.

“అదిగో అత్తయ్యా, గోడ మీద నీళ్ళ పైప్ పక్కన.”

“చూశావా ఏమోయ్?” అన్నాడు భర్త.

ఇటుక గోడ మీద ఇటుక రంగు చిలుకను పోల్చుకోవడం మంచి కళ్ళకే కష్టం. కనబడలేదంటే ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. కానీ భయపడ్డ మనిషికి అంత నిదానం ఎక్కడిది?

“ఆఁ, చూశా చూశా. ఎంత చక్కటి పసుపు!” అంది సూదత్త.

కోడలు కడుగుతున్న గిన్నె మళ్ళీ అందుకుంది. మామగారు గోడ వైపు, భార్య వైపు చూసి, గొంతు సవరించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

“ముందు చూసింది నువ్వే అనుకో. అయినా కోటు తొందర పని. నేనే అందుకుంటాలే,” అని సూదత్త కుర్చీ వాకిట్లో వేయించుకుంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కోడలి వైపు తిరగలేదు.

మామూలుగా బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి రఫ్ఫు అల్లుతారు. అప్పుడు రంగు తేడా రాదు. ఈ కోటు ముసలిది. పాత చిరుగులకే మడతలన్నీ ఖర్చయిపోయాయి. దారాల బుట్టలోంచి నలుపుకు జోడీ వెతకాల్సిందే. కోడలు అప్పుడే రఫ్ఫు పూర్తయిన దుప్పట్లు ఇచ్చిరావడానికి నాలుగు వీధులవతలికి వెళ్ళింది. సూదత్త బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కో ఉండా ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. అన్నీ నలుపే. ఒకటి తీసుకుంది. సూదిలో దారం ఎక్కించడం ఆమె వేళ్ళకు అలవాటే. ఇక అల్లిక మొదలయ్యాక వేళ్ళు వాటంతటవే నడిచాయి. పోగు కింద పోగు, పోగు మీద పోగు. చాన్నాళ్ళ తర్వాత ఆమె ప్రాణం కుదుటపడింది.

కోడలు తిరిగొచ్చి కోటు చేతిలోకి తీసుకుంది. మోచెయ్యి వెలుతురులోకి తిప్పి చూసింది.

“ఏమే, ఎలా ఉంది?”

“బాగుందత్తయ్యా,” అంది కోడలు. కోటు మడిచి లోపలికి పట్టుకెళ్ళింది.

కాసేపటికి వంటింట్లోంచి ఒక చప్పుడు సూదత్త చెవిన పడింది. చిన్న కత్తెర చప్పుడు. టిక్కు, ఆగడం, మళ్ళీ టిక్కు. బయటివాళ్ళకు అది ఒక లెక్కలోకి రాని చప్పుడు. సూదత్తకు ఆ చప్పుడంటే ఏమిటో తెలుసు. అల్లిక విప్పుతున్నారు.

ఆమె వెళ్ళి గుమ్మం పట్టుకుని నిలబడింది. కోడలు కోటు వెనక్కు దాచబోయి మానేసింది.

“ఏ రంగు వేశాను?”

కోడలు తలవంచుకుంది. “ముదురాకుపచ్చ.”

“నీకు ఎన్నాళ్ళుగా తెలుసు?”

“చలికాలం మొదట్లోనే తెలుసత్తయ్యా. అందుకే మీ దారాలు నేనే తీసి బుట్టలో పైన పెట్టేదాన్ని. ఇవాళ బయటికి వెళ్ళాల్సి వచ్చి…” ఆ అమ్మాయి చేతిలోని కత్తెర కింద పెట్టింది.

సూదత్తకు కోపం వస్తుందేమోనని కోడలు భయపడింది. వచ్చిన మాట నిజమే. కానీ ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆవిడ అక్కడే వంటింటి గట్టుకు ఆనుకుంది. చలికాలమంతా తన పని చక్కగా సాగుతోందని ఎంత మురిసిపోయింది! ఆ మురిపెం వెనక ఈ పిల్ల రోజూ పొద్దున్నే లేచి దారాలు సర్దేది.

“ఆ చిలుక ఏ రంగే?” అంది చివరికి.

“ఇటుక రంగు.”

“నాకు కనబడలేదు. ఉత్తినే అన్నాను.”

అంతే. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకు చలికాలమంతా పట్టింది. కోడలు లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ పెరట్లోకి నడిచారు. మళ్ళీ మబ్బు కమ్మింది. సన్నగా జల్లు మొదలైంది. ఎండ పోయేసరికి చిలుక ఎగరలేక, పైప్ పక్కనే రెక్కలు ముడుచుకుని ఎండుటాకులా అతుక్కుపోయి ఉంది.

“ఇక్కడత్తయ్యా, ఇంకాస్త దగ్గరకు. ముక్కు తగులుతుంది, చూసుకోండి.”

సూదత్త గోడకు మొహం ఆనించినంత దగ్గరగా వంగింది. గోధుమ రంగు మరక ఒకటి కనిపించింది.

“ఒక రెక్క అంచు చిరిగిపోయింది,” అంది కోడలు.

“రఫ్ఫుకు మన దగ్గరికే వచ్చిందేమో!” అని నవ్వింది సూదత్త.

ఆ నవ్వుకో, ఊపిరి వెచ్చదనానికో చిలుక వణికి, ఒక్కసారి రెక్కలు విప్పింది. సూదత్త కంటినిండా ఇటుక రంగు పరుచుకుంది.

“ఇటుక రంగే,” అంది ఆమె మెల్లగా. కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి కేకేసింది. “ఏమండీ! రేపు నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎండ వచ్చాక వెళ్దామంటే ఊరుకోను.”

“రేపు తప్పకుండా ఎండ వస్తుంది,” అన్నాడు లోపల్నుంచి వాతావరణం.

“గొడుగు తీసుకుందాం,” అంది సూదత్త. తర్వాత కోడలి భుజం మీద చెయ్యి వేసింది. “ముందు చూసింది నువ్వు. కుర్చీ నీది. పద, కోటు అందుకో.”

కోడలు ఎంత వద్దన్నా వినలేదు. ఆ సాయంత్రం, మర్నాడు వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చేదాకా, చేతుల కుర్చీలో కూర్చుని కోడలే ఆ మోచెయ్యి అల్లింది. డాక్టరు ఆపరేషను చేసి చూద్దామన్నాడు, మునుపటిలా కనిపిస్తుందని మాత్రం గట్టిగా చెప్పలేదు. సూదత్త తిరిగొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పింది. ఎవరూ ఓదార్చడానికి వీల్లేదంది.

క్లారినెట్టు ఆయన వచ్చి కోటు వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

“అమ్మా, చిరిగింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా? నాకే గుర్తు రావడం లేదు.”

“మా కోడలు చేసింది. ఇలా తే,” అని సూదత్త కోటు అందుకుంది. కుర్చీ దాటి వెళ్ళి బల్బు కింద ముక్కాలిపీట మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని కుడి మోచెయ్యి మీద చూపుడువేలు నడిపింది. ఎడమ మోచెయ్యి మీద నడిపింది. కోడలు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ముందుకు వంగింది. ‘ఇదిగో, ఇక్కడ’ అనే మాట రాలేదు.

“ఎక్కడే?” అంది సూదత్త.

కోడలు చెప్పలేదు. చెప్పమని ఆవిడ మళ్ళీ అడగనూ లేదు. కోటు ఒళ్ళో సరిచేసుకుని, చెంపల మీద కారుతున్నది తుడుచుకోకుండా, భుజం దగ్గర్నుంచి మళ్ళీ వెతకడం మొదలుపెట్టింది, దొరకకూడదని మనసులో కోరుకుంటూ.