భర్త అంగీకార పత్రం

జబీనా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆమె భర్త తహీర్ కుట్టుమిషను ఆపి మరీ చెబుతాడు. "ఆడోళ్లు యాడికన్నా పోవాలంటే ఎవుర్నీ అడగపన్లేదని చెప్పొస్తాది. అందుకు జీతం కూడా ఇస్తారు."

పంతొమ్మిదేళ్లుగా అదే పని. విదేశీ నిధులతో నడిచే ఓ సంస్థ తరఫున కావలిలో బస్సెక్కి తీరం పల్లెలన్నీ తిరిగింది. జువ్వలదిన్నెలో చేపలమ్మే ఆడవాళ్లు పెద్దల కూటంలో కూర్చోవడానికే నాలుగేళ్లు పట్టింది. వాళ్లలో అంకాలమ్మ మొదటిసారి లేచి, "వలలకి షెడ్డు ఏసుకున్నారే, మా నెత్తిన నీడ మాటేందయ్యా?" అని అడిగిన రోజున జబీనా పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఆనాటి నుంచి సంచిలో ఎండుచేపల పొట్లం పెట్టనిదే అంకాలమ్మ ఆమెను బస్సెక్కనివ్వదు.

ఆ నీడ కథ చెప్పమని నైరోబి నుంచి పిలుపొచ్చింది. నలభై దేశాల సభ. విషయం: సొంత నిర్ణయం స్త్రీ హక్కు. జబీనాకు విమానం కొత్త. తన కథ తన నోటితో చెప్పడం అంతకన్నా కొత్త. ఇన్నాళ్లూ ఆమె రాసిచ్చింది ఆఫీసు పెద్దలు పోయి చదివి వచ్చారు.

సంస్థ నెల్లూరు ఆఫీసులో గుమాస్తా నరేంద్రబాబు ఓ కాగితం అందించాడు.

"రేపు సాయంత్రంలోగా సార్ సంతకం తెచ్చెయ్యక్కా. లేకుంటే ఇంకొకర్ని పంపిస్తారు."

"ఏ సార్?"

"మీ సారే. భర్త అంగీకార పత్రం. పెళ్లైన ఆడోళ్ల భద్రత కోసం పెట్టినారు."

"మగోళ్లకో?"

"వాళ్లకెందుకక్కా? వాళ్లు మగోళ్లు గదా!"

నరేంద్రబాబు మంచివాడు. టీ తెప్పించి, సంతకం చోట పెన్సిలుతో గుర్తు కూడా పెట్టిచ్చాడు.

తహీర్ ఆ కాగితం రెండుసార్లు చదివి వెనక్కిచ్చాడు. "నేను పెట్టను."

"అంటే, పోవద్దంటారా?"

"పొమ్మనేదానికి, వద్దనేదానికి నేనెవుర్ని? నువ్వే గదా చెప్పినావు. నీ మాట అందరికన్నా ముందు నమ్మినోణ్ణి నేను. ఇప్పుడు సంతకం పెడితే నువ్వు చెప్పిందంతా ఉత్తదేనని రాసిచ్చినట్టు గాదా?"

"అది ఊళ్లో వాళ్లకి చెప్పినా! మీరు ఈ ఒక్కసారికి..."

జబీనా నాలుక కరుచుకుంది. భర్త అనుమతి అక్కర్లేదని లోకానికి చెప్పడానికి భర్తను బతిమాలుతోంది తను. సాయంత్రం నమాజు ముగించి దోసిలి పట్టింది గానీ ఏమడగాలో తోచలేదు. ఆయన మనసు మారాలనా, మారకూడదనా?

మర్నాడు లేచేసరికి తహీర్ టీ పెట్టి, పక్కన ఓ ఉత్తరం ఉంచాడు. "నా భార్య నా అనుమతి అడగపన్లేదు. అడిగినా ఇచ్చే అధికారం నాకు లేదు. ఈ ఉత్తరానికి ఆమె అనుమతి తీసుకోవాల్సింది. నిద్ర లేపబుద్ధి గాక తీసుకోలేదు." కింద సంతకం.

"ఇది చూస్తే టికెట్టు పోతాదేమో," అంది.

"ఇచ్చేదీ మానేదీ నీ ఇష్టం."

బస్సులో దారి పొడవునా ఖాళీ పత్రం ఒళ్లో ఉంది, కలం చేతిలో ఉంది. ఆయన సంతకం తనే పెట్టేయొచ్చు, ఎవరికీ తెలియదు. నెల్లూరు వచ్చింది. ఉత్తరమే తీసి నరేంద్రబాబు ముందు పెట్టింది.

అతను నేరుగా కాగితం అడుగున చూసి, "భర్త పత్రం: అందినది" అని రాసి ఫైలులో కుట్టేశాడు.

"చదవవా నరేంద్రా?"

"చదివేదానికి ఏముందక్కా, సంతకముంది గదా!" టికెట్టు ఆమె చేతిలో పెట్టి మనస్ఫూర్తిగా నవ్వాడు. "సార్ మంచోడక్కా. అడగ్గానే ఇట్టా పంపించేవోళ్లు ఎంతమందుంటారు?"