నందిగామ దాటాక మోసిన పెట్టె

పంతొమ్మిది వందల అరవై ప్రాంతాల్లో జగ్గయ్యపేట వెళ్తుంటే నందిగామ దాటాక మా బస్సు చెడిపోయింది. రోడ్డు పక్కన ఒక శవపెట్టె, దాని దగ్గర ముగ్గురు మగవాళ్లు, ఏడుస్తున్న ఒక తల్లి కనిపించారు.

"కాస్త భుజం పడతారాండీ?" అని వాళ్లలో ముసలాయన నన్ను అడిగాడు.

ఆయన పాస్టరు. బావిలో దూకి చనిపోయిన ఆ తల్లి కూతుర్ని సమాధుల దొడ్డిలోకి సంఘం రానివ్వలేదట. అలాంటివాళ్లను తన మిరప చేలోనే పూడ్చి ప్రార్థన చేస్తున్నాడని ఆయన్నీ చర్చిలోంచి తీసేశారట.

నేను క్రైస్తవుణ్ణి కానన్నాను.

"ఆ పిల్లేం అడగదు లెండి," అన్నాడు.

నలుగురం పెట్టెను ఆయన చేలోకి మోసుకెళ్లి మట్టి కప్పాక తల్లి అడిగింది. "అయ్యగారూ, నా బిడ్డ నరకానికి పోయిందా?"

ఆయన ఆమె పక్కనే చతికిలబడ్డాడు. "నాకు తెలీదమ్మా. రేపు నేను పోయాక నన్నూ దీని పక్కనే పెడతారు. చనిపోయినవాళ్లంతా లేచే రోజున ఇద్దరం కలిసే లేస్తాం."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఏడుపు మాత్రం ఆగలేదు.