పరస్థానం పెట్టి పదకొండు మందిని ఓడెక్కించిన వైనం

ఐనవిల్లి నుంచి పదకొండు మంది ఓడ ప్రయాణం కడుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఆఫీసుకి వారం వారం జంతికలు అమ్మడానికి వచ్చే పిన్నిగారు. బుట్ట దించుకుంటూనే, "అమ్మాయ్, విమానం కాదంట, ఓడంట. నాలుగు రోజులు నీళ్ళ మీదే ఉంటారంట. రేపో ఎల్లుండో మీ ఓనరుగారి దగ్గరికే వస్తన్నారు" అని చెప్పి, అంత పెద్ద కబురు చెప్పేక ఉత్త చేతులతో వదలడం ఎందుకని ఇంకో పొట్లం కూడా అంటగట్టి వెళ్ళేరు. ఆ రోజుల్లో (ఆ రోజులంటే తాతల నాటివి అనుకునేరు, గట్టిగా నాలుగైదేళ్ళు, కాని మనిషికి తన తెలివి మీద మరీ నమ్మకం ఉన్న కాలం ఎంత దగ్గరిదైనా దూరంగానే కనిపిస్తుంది) అమలాపురంలో ట్రావెల్స్ ఆఫీసంటే గల్ఫు టిక్కెట్లే. కువైట్, మస్కట్, దోహా. వచ్చినవాళ్ళు అడిగేది కూడా ఒక్కటే, సామాను ఎన్ని కిలోలు పట్టనిస్తారని. సరదా కోసం ఓడెక్కేవాళ్ళని మేం చూడలేదు. పంటు మీద గోదావరి దాటడమే మాకు తెలిసిన ఓడ ప్రయాణం, అందులో మాతోపాటు మోటారుసైకిళ్ళూ గేదెలూ కూడా దాటేవి.

నేనప్పటికి ఆఫీసులో చేరి ఐదు నెలలు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల బడికి పంపలేదు నన్ను. మా మేనత్తగారే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాల దగ్గర్నుంచి ఇంగ్లీషు దాకా చెప్పేరు. ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏటా రెండు పంచాంగాలు కొనేవారు. పండగ తిథి ఒకదానిలో ఒకరోజూ రెండోదానిలో ఇంకోరోజూ ఉంటే కాగితం మీద గళ్ళు గీసి, ఇందులో ఏముందో అందులో ఏముందో పక్కపక్కన రాయించేవారు నాచేత. "తేలని వ్యవహారం ఏదైనా గళ్ళలో పెట్టమ్మా, అదే తేలుతుంది" అనేవారు. డిగ్రీ లేని నాకు ఉద్యోగం వచ్చిందంటే ఆ గళ్ళ పుణ్యమే. అయినా మా ఓనరుగారు (ఆఫీసంతా మావయ్యగారు అనేవాళ్ళం) నన్నింకా పరీక్షలోనే ఉంచేరు. ఐనవిల్లి వాళ్ళు వచ్చి వెళ్ళిన సాయంత్రం నన్ను పిలిచి, "ఇదిగో అమ్మాయ్, ఈ పదకొండు మందీ క్షేమంగా ఓడెక్కితే ఆ కిటికీ పక్క టేబులు నీది. ఎక్కకపోతే ఉద్యోగం పోయిందని మీ నాన్నగారికి నేను ఫోన్ చేసి చెప్పలేను, నువ్వే చెప్పుకోవాలి" అన్నారు. ఆయ్ అన్నాను. అనడం తేలికే కదండీ.

ఆ పదకొండు మందికీ పెద్ద ఒక కొబ్బరితోటల ఆసామి, అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన భార్యని నేను పెద్దమ్మగారు అనేదాన్ని. ఆవిడకి మోకాళ్ళు నొప్పి. మావైపు ఓడలరేవు ఊళ్ళో ఒడ్డున నిలబడి చూడ్డమే తప్ప సముద్రం మధ్యలోంచి సూర్యోదయం చూడలేదని, ఒక్కసారి అక్కడ నిలబడి సూర్యుడికి నమస్కారం పెట్టుకోవాలని ఆవిడ కోరిక. పిల్లలు పంపుతామన్న డబ్బు వద్దని, చుట్టాల్ని పోగేసుకుని సొంతంగా బయల్దేరుతున్నారు. అలాంటి మనిషిని మెట్ల దగ్గర నిలబెడితే నాకు పాపం తగలదూ? అందుకని మూడు ఓడ కంపెనీలవాళ్ళ కాగితాలూ ముందేసుకుని, కొబ్బరి వ్యాపారి ఇచ్చిన కేలండరు వెనక ఖాళీలో గళ్ళు గీసేను. ఒక ఓడ చెన్నై నుంచి, ఒకటి కొచ్చి నుంచి, ఒకటి ముంబై నుంచి. మూడూ పరాయి దేశపు రేవు చూపించి తీసుకొచ్చేవే, పాస్‌పోర్టులు కావాలి. ఓడలో ఏముంటుందో కాగితాల్లో రంగురంగుల బొమ్మలేసి చెప్పేరు. ఓడ దాకా మనిషి ఎలా చేరాలో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. నా గళ్ళన్నీ దాని గురించే. హోటలు నుంచి రేవుకి బండి వాళ్ళు పంపుతారా, మనమే పెట్టుకోవాలా. బస్సుకి మెట్లెన్ని. రేవులో కూర్చోడానికి కుర్చీలున్నాయా, బాత్రూము ఎంత దూరం, చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారా, ముందు చెప్పాలా. సామాను ఎవరు మోస్తారు.

ఫోన్లు మొదలుపెట్టేను. కొచ్చి కంపెనీ అబ్బాయి పాపం మంచివాడే. "హోటలు పన్నెండింటికి ఖాళీ చేయిస్తారు, మీరేమో మూడింటికి రేవులోకి రానిస్తామంటారు, మధ్యలో మూడు గంటలు మావాళ్ళు ఎక్కడ కూర్చోవాలండీ" అంటే, "మేడమ్, ఇంతవరకూ ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు" అన్నాడు. ఆ మాట ఇవాళ్టికీ నాకు బంగారు గాజుల జత లాంటిది. ముంబై వాళ్ళు బండికి మనిషికింతని విడిగా తీసుకుంటామన్నారు, పైగా బస్సు రేవు గేటు దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి నడక. చెన్నై వాళ్ళు హోటలు గుమ్మంలోంచి ఓడ మెట్ల దాకా తీసుకెళ్తారు, చక్రాల కుర్చీ ఉచితం. ఇవన్నీ నేను గళ్ళలో నింపుతుంటే మావయ్యగారు వెనకనించి తొంగిచూసి, "ఏవమ్మా, ఓడ బేరమా, పెళ్ళిసంబంధమా? ఇక గోత్రం ఒక్కటే అడగలేదు" అన్నారు. "పిల్లనిచ్చేటప్పటి కన్నా జాగ్రత్త పడాలండి, పదకొండు మంది" అన్నాను. నవ్వేరు గానీ ఆ కాగితం జిరాక్సు తీయించి దాచుకున్నారు.

చెన్నై ఓడ ఖాయం అనుకునేసరికి పెద్దాయన పంచాంగం పట్టుకుని వచ్చేరు. హోటలు నుంచి బస్సు పదకొండింటికి, ఆ రోజు పదీ ఇరవై నుంచి పన్నెండు దాకా వర్జ్యం. "వర్జ్యంలో గుమ్మం దిగడం మా ఇంటా వంటా లేదమ్మా. ఓడ మానేస్తాం గానీ వర్జ్యంలో మాత్రం దిగం" అన్నారు. నేను కంపెనీకి ఫోన్ చేసి, బస్సు ఇంకో వేళకి పెట్టరా, ఆ టైము మావాళ్ళకి బాగాలేదు అన్నాను. "ఏం, వాళ్ళకి ఒంట్లో బాగాలేదా" అని అడిగింది అవతలమ్మాయి. "ఒంట్లో బాగానే ఉందండి, ఆకాశంలో బాగాలేదు" అన్నాను. ఆవిడ నవ్వేసి, బస్సు మారదు, కావాలంటే సామాను మాత్రం పొద్దున్న ఏడున్నరకే హోటలుకి వ్యాను పంపి పట్టుకెళ్ళిపోతాం, సాయంత్రానికి ఓడలో మీ గది గుమ్మం ముందుంటుంది అంది. ఫోన్ పెట్టేసేసరికి నాకు వినాయకుడు కళ్ళముందు కనిపించినట్టయింది. అది పరస్థానమే కదండీ. మావైపు ప్రయాణం రోజున మంచి ఘడియ దొరక్కపోతే, ముందే మంచివేళ చూసి ఒక వస్తువు మూటగట్టి గుమ్మం దాటించి పొరుగింట్లో పెడతారు. ఆ మూట కదిలిన ఘడియే మనిషి కదిలిన ఘడియ. తర్వాత వర్జ్యంలో బయల్దేరినా దోషం లేదు. ఆ మూట దారిలో తీసుకుని వెళ్ళిపోతారు. ఏడున్నర దివ్యమైన వేళ. గళ్ళలో కొత్తగా ఒక వరస గీసి 'పరస్థానం' అని రాసి, చెన్నై కింద 'ఉన్నది', మిగతా రెండింటి కిందా 'లేదు' అని రాసేను. దేశంలో ఏ ఓడ కంపెనీనీ ఆ లెక్కన ఎవరూ తూచి ఉండరు. పెద్దాయన ఆ గడి చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఈ పిల్లకి చదువు చెప్పినవాళ్ళెవరో గానీ" అన్నారు. ఆ గర్వంతో నాకు రెండ్రోజులు కాళ్ళు నేల మీద లేవు.

వాళ్ళని చెన్నైలో ఓడెక్కించి రావడానికి నన్నే పంపేరు. రైల్లో పదకొండు మందికీ మా మేనత్తగారి సూత్రం వల్లె వేయించేను. పరస్థానంలో పాత తువ్వాలు పెడితే చెల్లదు. ఏ వస్తువు లేకపోతే మీ ప్రయాణం ఆగిపోతుందో అదే పెట్టాలి, అప్పుడే మీరు బయల్దేరినట్టు లెక్క. అందరూ బుద్ధిగా తలలూపేరు. మర్నాడు ఏడున్నరకి పదకొండు పెట్టెలు, ఒక్కోదానికీ పసుపు బొట్టు, హోటలు మెట్లు దిగి వ్యానెక్కేయి. నేను పక్కన నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. తృప్తిగా ఇడ్లీ తిన్నాను, ఇంకో రెండు పెట్టించుకున్నాను కూడా.

పదకొండింటికి బస్సొచ్చింది. కంపెనీ అమ్మాయి దిగి, పాస్‌పోర్టులు చేతిలో పట్టుకోండి అంది. ఎవరూ కదల్లేదు. నేను పెద్దమ్మగారి వైపు చూసేను. ఆవిడ ఎంతో ప్రశాంతంగా, "పరస్థానంలో పెట్టేం కదమ్మా. అది లేకపోతే ప్రయాణం ఆగిపోయేది అదొక్కటే కదా. నువ్వే చెప్పేవు" అన్నారు. మిగతా పదిమందీ అవునన్నారు. కంపెనీ కాగితంలో పాస్‌పోర్టులు, మందులు పెట్టెల్లో పెట్టకూడదని స్పష్టంగానే ఉంది. చదివేను కూడా, కింద గీత కూడా గీసేను. కాని నా బుర్రలో అది సామాను సంగతి, ఇది పరస్థానం సంగతి. రెండూ ఒకే పెట్టె అని తట్టలేదు. పొరుగింట్లో పెట్టిన మూటైతే దారిలో అడిగి తీసుకోవచ్చు. ఓడ కడుపులోకి వెళ్ళిపోయిన మూటని తీసుకోవాలంటే ముందు ఓడెక్కాలి, ఓడెక్కాలంటే ఆ మూట కావాలి. "ఒంటిగంటన్నరకి కౌంటరు మూసేస్తారు" అంది కంపెనీ అమ్మాయి, నా మొహం చూసి మెల్లగా.

గేటు దగ్గర ఆధార్ కార్డులు చూపించి లోపలికి వెళ్ళేం. వాళ్ళందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి (కుర్చీలున్నాయి, నా గడి అబద్ధం చెప్పలేదు) కంపెనీ అమ్మాయి ఇప్పించిన పాసు ఒక చేత్తో, చెప్పులు ఒక చేత్తో పట్టుకుని సామాను షెడ్డుకి పరిగెత్తేను. కొండలా పెట్టెలు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న మేస్త్రీ ఒకాయన అప్పుడే ఒక మూలకి చేరి అన్నం కేరేజీ మూత తీస్తున్నాడు.

"ఏందమ్మా, ఏం కావాల?" అన్నాడు. మాట నెల్లూరు వైపుది. తెలుగు వినేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

"పెట్టెలండి. పదకొండు. వాటిల్లో పాస్‌పోర్టులున్నాయండి."

"పదకొండా?" అని నన్ను ఎగాదిగా చూసి, "మీది కోనసీమా?" అన్నాడు.

"ఆయ్. ఎలా తెలిసిందండీ?"

"అటు చూడు."

గోడవార పదకొండు పెట్టెలు, పసుపు బొట్లతో, పెళ్ళివారి వరసలా నిలబెట్టి ఉన్నాయి. "స్కానింగు మిషన్లో ఏ పెట్టె పెట్టినా లోపల గుండ్రంగా కాయ. మొదటిదానికి మా సారు బాంబనుకుని అదిరిపడ్డాడు. ఐదోదానికి కూలబడ్డాడు. తొమ్మిదోదానికి టీ తెప్పించుకున్నాడు" అన్నాడు. పరస్థానంలో వట్టి పాస్‌పోర్టు పెడితే ఏం బాగుంటుందని ప్రతివాళ్ళూ తమ తోటలోంచి తెచ్చుకున్న కొబ్బరికాయ కూడా పెట్టేరు. ఓడలోకి కాయలు రానివ్వరు, అందుకని ఆ పెట్టెలు ఓడెక్కకుండా ఆగిపోయేయి. నేను గోడకి చేరబడి నవ్వేను, నవ్వుతూ ఏడ్చేను కూడా.

కాని ఆపిన పెట్టెల్ని తెరిచేది మిగతా సామానంతా అయ్యేకే, అంటే రెండు దాటేకే. మేస్త్రీ ఒకసారి కేరేజీ వైపు చూసుకున్నాడు, ఒకసారి గడియారం వైపు చూసేడు. మూత పెట్టేసేడు. సారు దగ్గరికెళ్ళి ఏం చెప్పేడో, తన పూచీ మీద ఒప్పించేడు. ఎవరి పెట్టె వాళ్ళే తెరవాలన్నారు. పెద్దమ్మగారిని చక్రాల కుర్చీలో తనే తోసుకొచ్చేడు. ఒక్కొక్క పెట్టే తెరవడం, కాయ బయటికి, పాస్‌పోర్టు చేతికి. ఆఖరిది పెద్దాయనది. తాళంచెవి ఎక్కడ పెట్టేరో మర్చిపోయేరు. ఆయన మొలతాడు దాకా వెతుక్కుంటుంటే నేను నాకు తెలిసిన స్తోత్రాలన్నీ ఒకదాన్లో ఒకటి కలిపేసి చదివేసేను. చెవి పెద్దమ్మగారి కొంగు ముడిలో దొరికింది. కౌంటరు మూయడానికి పది నిమిషాలుందనగా పదకొండో పాస్‌పోర్టు మీద ముద్ర పడింది.

"ఈ కాయలేం జేయాలమ్మా" అన్నాడు మేస్త్రీ. "కొట్టు నాయనా, ప్రయాణానికి కాయ కొట్టాలి కదా" అన్నారు పెద్దమ్మగారు. షెడ్డు బయట పదకొండు కాయలూ టపటపా కొట్టేరు. పెద్దాయన మేస్త్రీ జేబులో నోట్లు కుక్కబోతే, "కొబ్బరిముక్క చాల్లే పెద్దాయనా" అని చెయ్యి తీసేసేడు. పెద్దాయన నడుచుకుంటూ వెళ్తూ వెనక్కి తిరిగి, "చూసేవా అమ్మాయ్, వర్జ్యం పూర్తిగా దాటేకే ఎక్కుతున్నాం" అని ఆ ఘనత కూడా నాకే ఇచ్చేసేరు. మావయ్యగారు ఫోన్ చేసి, "ఎక్కేరా?" అన్నారు. "ఆయ్, పదకొండు మందీ ఎక్కేరండి" అన్నాను. జరిగిందంతా దాచకుండా చెప్పేను. ఆయన అంతా విని, "నీ టేబులు కిటికీకి దగ్గరగా జరిపిస్తాలే" అన్నారు. మూడో రోజు ఓడలోంచి పెద్దమ్మగారి సూర్యోదయం ఫోటో వచ్చింది. ఫోటోలో సగం ఆవిడ బొటనవేలే, మిగతా సగంలో సూర్యుడు.

ఇప్పుడు ఏడాదికి ఐదారు బృందాల్ని ఓడెక్కిస్తున్నాను. కోనసీమలో ఎవరు సముద్రం మీదికెళ్ళాలన్నా ముందు నా గళ్ళ కాగితం అడుగుతారు. చెప్పుకోకూడదు గానీ, ఒక కంపెనీవాళ్ళు తమ దగ్గర లేని సంగతులు ఏవో చూసుకోవడానికి దాని నకలు తెప్పించుకున్నారు కూడా. అందులో ఎర్రసిరాతో ఒక వరస కొత్తగా చేరింది: పరస్థానంలో పాస్‌పోర్టు పెట్టరాదు, చీర పెట్టవచ్చును. షెడ్డు వైపు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తిన ఆ పిల్ల తలపుకొస్తే నాకు కోపం రాదు. అంత నమ్మకం నాకు మళ్ళీ దేని మీదా కలగలేదు.

ఒక్క మనవి. ఆ మేస్త్రీగారి పేరు నేను అడగలేదు. తర్వాత వెళ్ళినప్పుడు వాకబు చేస్తే షెడ్డులో మనుషులు మారిపోయేరన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తిన్నాడో లేదో నాకిప్పటికీ తెలీదు. మీరు దీపం పెట్టుకున్నప్పుడు మీవాళ్ళతోపాటు ఆయన్ని కూడా ఒక్కసారి తలుచుకోండి. చెన్నై రేవులో ఆకుపచ్చ చొక్కా మేస్త్రీ, కేరేజీ మూత తీసి మళ్ళీ పెట్టేసినాయన, అంటే చాలు. దేవుడికి ఆ గుర్తు సరిపోతుంది.